పూల కింద కార్డు

అతను తలుపు కొడితే చాలు, లోపలివాళ్ళ గుండె గుభేలుమంటుంది. ఎందుకొచ్చావని అడగరు, ఎవరికేమైందని అడుగుతారు. మీ బట్టలు గాలికెగిరి మా మెట్ల మీద పడ్డాయని చెబుదామని వెళ్ళినా అంతే. అందుకని చాలా కాలంగా అతను ఎవరి తలుపూ కొట్టడం మానేశాడు. పడ్డ బట్టల్ని దులిపి, మడిచి, వాళ్ళ గుమ్మం ముందు పెట్టి వస్తాడు. వాళ్ళు వాటిని మళ్ళీ ఉతుక్కుంటారు. అది కూడా కిటికీలోంచి చూశాడు పాపం.

చేసేది దొంగతనమా, దోపిడీయా? శవాల బండి నడుపుతాడు. ఆస్పత్రి నుంచి ఇంటికో, ఇంటి నుంచి శ్మశానానికో మనుషుల్ని ఆఖరిసారి చేరవేస్తాడు. ఎవరో ఒకరు చెయ్యాల్సిన పనే. వీధి వీధంతా ఏదో ఒకరోజు అతని బండి ఎక్కాల్సినవాళ్ళే గానీ, అంతవరకూ అతనితో మాకేం పనన్నట్టు ఉంటారు. అతనికి వాళ్ళు పెట్టిన పేరు ఆఖరిబండి. మనిషికీ బండికీ కలిపి ఒకటే పేరు, అక్కడ కూడా పొదుపే.

ఉండేది సైకిలు రిపేరు కొట్టు మీద ఒంటి గది. ఇంటాయన అద్దెకిచ్చిన రోజే వెనక మెట్ల తాళంచెవి చేతిలో పెట్టాడు. ముందు వైపు కూడా మెట్లున్నాయని అతనికి కనబడదనుకున్నాడు కాబోలు. గదిలో మంచం, స్టవ్వు, రెండు కుర్చీలు. ఒకదాంట్లో కూర్చుంటాడు. రెండోదాని మీద బండిలో పరిచే తెల్ల దుప్పట్లు ఇస్త్రీ చేసి పేరుస్తాడు. ఎవరైనా వస్తే ఆ దుప్పట్లు తీసి ఎక్కడ పెట్టాలా అన్న ఆలోచన అతనికి రానేలేదు. వచ్చే అవసరం పడితే కదా. పెళ్ళి సంబంధాలు కూడా వయసులో ఉండగా గుమ్మం దాకా వచ్చి, బండిని చూసి, దారి తప్పొచ్చినవాళ్ళలా వెనక్కి తిరిగాయి.

బండి పక్కన పెద్ద నల్ల అక్షరాలతో అది ఏ బండో రాసి ఉండేది. వీధివాళ్ళంతా ఒకటై వచ్చి, పిల్లలు జడుసుకుంటున్నారు, తుడిపించమన్నారు. పిల్లలకేం భయం లేదు. వాళ్ళు పందేలు కాసుకుని బండిని ముట్టుకుని పరిగెత్తేవాళ్ళు. జడుసుకునేది పెద్దవాళ్ళే. అతను మారుమాట్లాడకుండా తెల్లరంగు వేయించాడు. ఆ పైన బండిని మంచు ఫ్యాక్టరీ గోడ వెనక పెట్టుకోమన్నారు. పెట్టుకున్నాడు. ఇప్పుడది చూడ్డానికి రొట్టెలమ్మే బండిలా ఉంటుంది. అదేమిటో తెలియాలంటే ముందు అద్దంలో ఎడమ మూలనున్న మునిసిపాలిటీ కార్డు ఒక్కటే ఆధారం.

పని నేర్పింది ఒక ముసలి డ్రైవరు. ఆయన అనేవాడు: "ఒరే అబ్బీ, మనం ఎవర్నీ తొందరపెట్టకూడదు. వాళ్ళు బండి మీద ఏం పెట్టినా ముట్టకూడదు, అది పూలైనా సరే, పుల్లైనా సరే. దింపేశాక మళ్ళీ ఆ గడప తొక్కకూడదు. మన మొహం చూస్తే వాళ్ళకి ఆ రోజే గుర్తొస్తుంది." లోకంలో అందరూ వెళ్ళొస్తామని చెప్పి గడప దాటతారు. వీళ్ళు ఆ మాట అంటే ఎవరూరుకుంటారు? అందుకని అతను తల ఒకసారి వంచి, చెప్పులేసుకుని, నోరు మెదపకుండా దిగిపోతాడు. తెలియనివాళ్ళు పొగరనుకుంటారు.

అలాంటి మనిషికి మునిసిపాలిటీవాళ్ళతో తగువొచ్చింది.

ఆస్పత్రి పక్క సందులో సరుకు దింపే బళ్ళకోసం పచ్చగీతలు గీసిన చోటుంది. కార్డు కనబడేలా పెట్టుకుంటే అతనూ అక్కడ ఆగొచ్చు. ఆ రోజు పోయినాయన గడియారాలు బాగుచేసేవాడట. వెంట ఉన్నది ఒక్కతే కూతురు, కళ్ళజోళ్ళ కొట్టులో అద్దాలు అరగదీసే ఆవిడ. డాక్టరు సంతకం ఆలస్యమైంది. అతను స్ట్రెచరు గోడకానించి వరండాలో నిలబడ్డాడు. ఎంతసేపని అడగలేదు. ఆవిడ ఒకసారి కిందికి వెళ్ళొచ్చి, "బండి అద్దం మీద పూలు పెట్టాను, తియ్యకండి" అంది. "తియ్యనమ్మా" అన్నాడు.

దిగొచ్చేసరికి ముందు అద్దం వైపర్లలో ఒక తుడుపుపుల్ల కింద తెల్లపూల గుత్తి ఉంది. రెండో తుడుపుపుల్ల కింద మునిసిపాలిటీ జరిమానా కాగితం ఉంది. పూలు సరిగ్గా కార్డు మీద పడుకుని ఉన్నాయి. చేతుల్లో మనిషి ఉండగా చలానాలు చదవడం ఏమిటని దాన్ని జేబులో కుక్కి బండి తీశాడు.

తర్వాత చదువుకుంటే తెలిసింది. ఏడాదిలో అది మూడోది. మూడు పడితే ఆ కార్డు రద్దు. కార్డు లేకపోతే ఆస్పత్రివాళ్ళు గేటు దగ్గరికి కూడా రానివ్వరు. తిండికంటారా, ఏ మార్కెట్లోనో బస్తాలు మోసైనా తింటాడు. కానీ ఈ బండి ఒక్కటే అతన్ని మనుషుల మధ్యకి తీసుకెళ్తుంది. ఏడ్చేవాళ్ళే అనుకోండి, అయినా మనుషులే కదా. ఆ కాసేపూ "అటు పట్టుకోండి", "నెమ్మది", "మెట్టుంది చూసుకోండి" అని అతనితో మాట్లాడతారు. అది కూడా పోతే ఇక అతనికి మిగిలేది ఇస్త్రీ దుప్పట్లే.

మునిసిపాలిటీ కౌంటరులో కూర్చున్న పిల్ల గోళ్ళు చూసుకుంటూ అడిగింది. "కడతారా, అప్పీలు చేస్తారా?"

"కట్టేస్తానమ్మా. కార్డు మాత్రం తీసెయ్యకండి."

ఆమె కంప్యూటరు వంక చూసి, మళ్ళీ అతని వంక చూసింది. "ఇది మూడోదండీ. కడితే మీ పర్మిట్టు పోతుంది. మొదటి రెండూ ఎందుకు కట్టారసలు?"

"కట్టమని కాగితమిచ్చారు కదా."

"బాగుంది. కట్టడమంటే తప్పు చేశానని ఒప్పుకోవడమే. చెయ్యనివాళ్ళు కట్టరు, అప్పీలు పెట్టుకుంటారు. వెనకవైపు అంతా రాసుందిగా, ఎవరూ కాగితం తిప్పి చూడరు."

నిజంగానే అతను తిప్పి చూడలేదు. తిప్పి చూసినా ఏం లాభం? ఆ రెండుసార్లూ ఇదే తంతు. ఒకసారి ఎవరిదో శాలువా, ఒకసారి ఎవరిదో దండ, కార్డు మీద పడ్డాయి. అప్పీలంటే ఆ ఇళ్ళకి వెళ్ళి, మీ శాలువా వల్ల నాకీ తంటా వచ్చిందని చెప్పాలి. ఆ గడపలు తొక్కలేక అప్పుడైనా నోరు మూసుకుని కట్టేసేవాడే.

"కార్డుందమ్మా. పూల కిందుంది."

ఆమె మునిసిపాలిటీవాళ్ళు తీసిన ఫోటో అచ్చేసి ఇచ్చింది. తెల్లబండి, తెల్లపూలు. కార్డు ఊసే లేదు. "దీన్ని చూస్తే పెళ్ళిబండో ఏమో అనుకుంటారు. మీ బండిలో ఇంకెవరూ లేరా, చూసినవాళ్ళు?"

"తర్వాత ఒకాయన ఎక్కాడమ్మా. ఆయన చెప్పలేడు."

"ఎందుకు చెప్పలేడు? ఒకసారి తీసుకురండి, నేను మాట్లాడతా."

అతను ఫోటోలోని బండి వంక చూశాడు. పిల్లకి మెల్లగా వెలిగింది. నాలుక్కరుచుకుంది. ఆ తర్వాత గోళ్ళ జోలికి పోకుండా, అప్పీలు కాగితం ముందుకి జరిపి, ఎక్కడ ఏం రాయాలో వేలితో చూపించింది. ఒకచోట బండిలో ఉన్నది సరుకా, ప్రయాణికులా అని ఉంది. అతను అక్కడ కలం పట్టుకుని ఆగిపోయాడు. సరుకంటే నోరు రాదు. ప్రయాణికులంటే ఆ చోట ఆగే హక్కు లేదు.

"అది వదిలెయ్యండి" అందా పిల్ల, ఈసారి గొంతు తగ్గించి. "కింద సాక్షి అని ఉంది చూడండి, అదే ముఖ్యం. పూలు పెట్టినవాళ్ళు ఎవరో వచ్చి, కార్డుంది, మేమే కప్పాం అని చెబితే చాలు. విచారణ రోజు తీసుకురండి."

గదికొచ్చి అక్కకి ఫోను చేశాడు. వేరే ఊళ్ళో కొడుకూ కోడలి దగ్గరుంటుంది. తోబుట్టువని ఉన్నది ఆవిడొక్కతే.

"ఏరా, బతికే ఉన్నావా? నువ్వు ఊరికే ఫోను చెయ్యవు, ఏం కొంప మునిగిందో చెప్పు."

చెప్పాడు.

"అయితే వెళ్ళి అడుగు. అడగడానికి నోరు నొప్పా?"

"ఆ ఇంటికి మళ్ళీ వెళ్ళకూడదక్కా. పద్ధతి కాదు."

"ఎవడు పెట్టాడ్రా పద్ధతి? ఆ ముసలాడా? ఆయన చెప్పి తన దారిన తను పోయాడు, జరిమానా కట్టేది నువ్వు. నీ నోట్లో నాలుక లేదని తెలుసు, కాళ్ళు కూడా లేవా? బండి పోతే ఏం చేస్తావు, మా ఇంటికొచ్చి ఉంటావా?"

అనేసి అక్కే గతుక్కుమంది. అతను వచ్చివెళితే పిల్లాడికి జలుబు చేసినా కోడలు ఆయన వచ్చినందుకే అంటుందని ఇద్దరికీ తెలుసు. 

"తిన్నావా?" అందావిడ చివరికి.

"తిన్నానక్కా" అన్నాడు. తినలేదు.

ఆదివారం నాడు మంచి చొక్కా వేసుకున్నాడు. బండి తియ్యలేదు, నడిచే వెళ్ళాడు. ఆ బండి ఆ వీధి మొదట్లో కనబడితే చాలు, కళ్ళజోళ్ళావిడ పక్కింటివాళ్ళు కూడా తలుపులేసుకుంటారు. గుమ్మం ముందు నిలబడి, ఒకసారి వెనక్కి తిరిగి నాలుగడుగులు వేసి, మళ్ళీ వచ్చి కొట్టాడు.

ఆవిడ తలుపు తీసి, అతన్ని చూసి, తలుపు పట్టుకునే ఉండిపోయింది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఇంట్లో ఇంకెవరూ లేరండీ" అంది. "నేనొక్కదాన్నే ఉన్నాను."

"అయ్యో, అందుక్కాదమ్మా! ఎవర్నీ తీసుకెళ్ళడానికి రాలేదు. చిన్న పనుండి వచ్చాను."

సంగతి చెప్పేసరికి ఆవిడకి భయం పోయి కోపమొచ్చింది. "మా నాన్న పోయి నేనేడుస్తుంటే మీకు చలానా గోలా? పూలు పెట్టడం కూడా తప్పేనా నాది?"

"తప్పని ఎవరన్నారమ్మా? నేనసలు వచ్చేవాణ్ణే కాదు. బండి ఆపేస్తారంట. వద్దంటే చెప్పండి, వెళ్ళిపోతాను." ఆ మాటలంటూనే చేతిలోని ఫోటో ఆమెకి అందించాడు, అది ఆమె చూడాల్సింది కాబట్టి.

ఆవిడ గుమ్మంలోనే నిలబడి ఫోటో కళ్ళకి దగ్గరగా పట్టుకుంది. చాలాసేపు చూసింది. ఆ రోజుదంటూ ఆవిడ దగ్గర ఇంకే ఫోటో లేదు. చావుకి ఎవరు ఫోటోలు తీస్తారు, మునిసిపాలిటీ తప్ప?

"లోపలికి రండి" అంది.

గదంతా గడియారాలు. గోడ మీద, బల్ల మీద, కిటికీ గట్టు మీద. ఒక్కటీ నడవడం లేదు. కీ ఇచ్చే మనిషి లేడు, ఇవ్వడానికి ఆవిడకి మనసు రాలేదు. అతను కుర్చీ అంచున కూర్చున్నాడు. ఒకరింటి కుర్చీలో కూర్చుని ఎన్నాళ్ళయిందో, మోచేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"దారిలో..." అని మొదలుపెట్టి ఆగిందావిడ. "నేను వెనక, కబురందుకుని వచ్చిన మా బాబాయి కారులో వచ్చాను కదా. బండిలో నాన్న ఒక్కడే ఉన్నాడా?"

"నేనున్నానమ్మా."

"అదే, మీరుండగా... పాటలు పెట్టారా? ఫోను మాట్లాడుతూ తోలారా?"

"లేదమ్మా." అతను నేల చూపులు చూశాడు. "నేను చెబుతూ ఉంటాను. ఇప్పుడు ఎడమకి తిరుగుతున్నాం, ముందు గతుకుంది, ఇదిగో వంతెన వచ్చింది, అని. పిచ్చి అలవాటు. ఊరికే ఎలా కూర్చుంటాం?"

"నాన్నకి గతుకులు పడవు. నడుం నొప్పి."

"నెమ్మదిగానే దాటించానమ్మా."

ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్ళింది. కుళాయి తిప్పిన చప్పుడు వినబడింది, చాలాసేపు. తిరిగొచ్చేటప్పుడు మొహం తడిగా ఉంది, చేతిలో మంచినీళ్ళ గ్లాసుంది. అది అతనికిచ్చి ఎదురుగా కూర్చుంది.

"వచ్చి ఏం చెప్పాలి?"

"కార్డు కనబడక పొరపాటున పూలు దాని మీద పెట్టారని చెబితే చాలన్నారు."

"కనబడక కాదు." ఆవిడ గొంతు గట్టిపడింది. "కనబడే పెట్టాను. పూలు కొని మామూలుగా లోపల పెడదామనే వచ్చాను. అద్దంలో అంత పెద్ద అక్షరాలతో శవ వాహనం అని ఉంది. పొద్దున దాకా ఆయన నాకు నాన్న. గంట తిరక్కుండా ఆ మాటైపోయాడు. అది నేను చదవలేకపోయాను, ఎవరూ చదవకూడదనుకున్నాను. అందుకే దాని మీద పెట్టాను, జారకుండా తుడుపుపుల్ల కూడా లాగి అదిమాను. అర్థమైందా? కావాలనే కప్పాను."

అతను చేతిలోని గ్లాసు కింద పెట్టాడు. ఆ కార్డుని రోజూ తుడుస్తాడు. అక్షరాలు వెలిసిపోతే కొత్తది తెచ్చుకుంటాడు. దాన్ని ఎవరైనా చదువుతారని, చదివితే ఇలా తగులుతుందని అతనికెప్పుడూ తట్టలేదు.

"మీరు రావక్కర్లేదమ్మా" అన్నాడు లేస్తూ. "అందరి ముందూ ఇది చెప్పక్కర్లేదు."

"కూర్చోండి. వస్తాను" అంది ఆవిడ విసుగ్గా. "తేదీ చెప్పండి, కొట్టులో సెలవడగాలి."

విచారణ గది ఇరుకుగా ఉంది. అధికారికి జలుబు, మాటకోసారి రుమాలు తీస్తున్నాడు. ఫోటో చూశాడు, కార్డు చూశాడు, అప్పీలు కాగితంలో ఖాళీగా వదిలేసిన చోటు చూసి దాటేశాడు.

"ఆ పూలు పెట్టారని తెలియగానే కాస్త పక్కకి జరిపితే పోయేదిగా? మీకు ఈ పాట్లుండేవి కాదు, నాకు ఈ పని ఉండేది కాదు."

"అవి నాకిచ్చినవి కావండీ" అన్నాడు అతను.

"ఎవరికిచ్చినవైతే ఏం, బండి మీదేగా?"

"బండి నాదేనండీ. ఆ కాసేపూ కాదు."

అధికారి రుమాలు మడిచి ఆవిడ వైపు తిరిగాడు. "చెప్పండమ్మా. పూలు పొరపాటున అక్కడ పడ్డాయా?"

"పడలేదండీ. పెట్టాను." ఇంట్లో అన్నది అన్నట్టే చెప్పింది, ఒక్క మాట తగ్గించకుండా. ఆ కార్డు మీది మాట వచ్చినచోట ఆగిపోయింది. అయినా మళ్ళీ మొదటినుంచీ ఎత్తుకుని చెప్పింది. పక్కన రాసుకునే గుమాస్తా కలం పక్కన పెట్టాడు. కళ్ళజోళ్ళావిడ వెనక నిలబడ్డ అతను తల ఎత్తలేదు. తన బతుకుతెరువుకోసం ఒకావిడ తన దుఃఖాన్ని బల్లమీద పెట్టి తూకం వేయించుకుంటోందని అతనికి సిగ్గేసింది.

"కార్డుంది, కప్పింది డ్రైవరు కాదు" అని అధికారి గొణుక్కుంటూ రాశాడు. "జరిమానా కొట్టేస్తున్నాను. పర్మిట్టు ఉంటుంది. ఇకమీదట కార్డు ఇంకోటి వెనకద్దంలో కూడా పెట్టుకోండి. అక్కడా పూలు పెడితే నేనేం చెయ్యలేను." కాస్త ఆగి ఆవిడతో అన్నాడు: "వెళ్ళి మంచినీళ్ళు తాగండమ్మా."

వరండాలోకొచ్చాక అతను, విచారణకని ఆ రోజు వెనక్కి తీసుకున్న ఫోటోని ఆవిడకే ఇచ్చేశాడు. ఆవిడ దాన్ని మడవకుండా సంచిలో కళ్ళజోడు డబ్బా పక్కన నిటారుగా పెట్టుకుంది.

"చాలా మేలు చేశారమ్మా" అన్నాడు.

"మేలేముంది. ఎక్కడో ఒకచోట చెప్పాలి కదా, ఇక్కడ చెప్పాను." గడియారం చూసుకుంది. "నాకు కొట్టు టైమైంది. వెళ్ళొస్తానండీ."

అలవాటు కొద్దీ అన్న మాటే. అతను తల వంచాడు. ఆవిడ గబగబా మెట్లు దిగి, వీధి దాటి, బస్సుకోసం నిలబడ్డవాళ్ళలో కలిసిపోయింది.

అతనూ వెళ్ళిపోవచ్చు. పని అయిపోయింది, కాగితం జేబులో ఉంది, బండి మంచు ఫ్యాక్టరీ గోడ వెనక భద్రంగా ఉంది. ఎవరికైనా చెప్పుకోవాలనిపించి అక్కకి ఫోను చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. మెట్ల దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కొచ్చి, వరండాలో జనం కూర్చున్న బల్ల చివర కూర్చున్నాడు.

పక్కనున్న లావుపాటాయన జరిగి చోటిచ్చాడు. అతని మొహం వంక చూసి కూడా జరగాల్సినంతే జరిగాడు, ఎక్కువ జరగలేదు.

"మీదేం కేసండీ?"

"పార్కింగు."

"అందరిదీ అదే ఖర్మ! నాది రొట్టెల బండి. దింపుతుంటే వేసేశాడు దొంగసచ్చినోడు, రొట్టె చేతిలో ఉందండీ, వేడివేడిది! మీరేం దింపుతున్నారు?"

"ఎక్కిస్తున్నాను" అన్నాడు.

"రెండూ ఒకటే, వీళ్ళ కళ్ళకి ఏదీ ఆనదు." ఆయన మోకాళ్ళ మీద చేతులు మోపి లేచాడు. "గొంతెండిపోతోంది, టీ తాగొస్తా. బావగారూ, కాస్త నా చోటు చూస్తుండండి. పోయిందంటే మళ్ళీ నిలబడే చావాలి."

అతన్ని బావగారని పిలిచిన మనిషి అతను పుట్టి బుద్ధెరిగాక లేడు. వినబడనట్టే తలూపి, ఆయన లేచిన చోట అరచెయ్యి ఆనించి కూర్చున్నాడు. బల్ల ఇంకా వెచ్చగా ఉంది. లోపల ఎవరి పేరో పిలుస్తున్నారు. గొడుగు పట్టుకున్న ఒకావిడ వచ్చి ఆ ఖాళీ వంక చూసింది, కూర్చోవచ్చా అన్నట్టు.

"లేదమ్మా" అన్నాడు, చెయ్యి తియ్యకుండా. "ఇక్కడ మనిషున్నాడు. వస్తాడు."